పిట్టలు కిటికీ అద్దాలకి గుద్దుకోకుండా: ఏ ఇంటికి ఏది పెడితే మంచిది

గద్ద బొమ్మ స్టిక్కర్ ఒకటి కొని కిటికీ మధ్యలో అతికిస్తే పిట్టలు భయపడి ఇటు రావు అనుకుని ఆన్‌లైన్ కార్ట్‌లో పెట్టుకుని ఉంటే ముందు అది తీసెయ్యండి. నేను కొన్నా, అతికించా, పదిహేను రోజులు తిరక్కుండానే అదే కిటికీకి ఒక గువ్వ వచ్చి గుద్దుకుంది, స్టిక్కర్‌కి సరిగ్గా జానెడు దూరంలో. అద్దం మీద ఉన్న దుమ్ములో రెండు రెక్కలూ విప్పిన అచ్చు పడింది, ఈకల గీతలతో సహా. ఆ అచ్చు తుడవడానికి నాకు చాలా రోజులు చేతులు రాలేదు.

అంతకుముందు ఫిబ్రవరిలో ఒక కంసాలి పిట్ట పోయింది. మాది హైదరాబాద్‌లో కొండాపూర్ వైపు అద్దె ఫ్లాట్, నాలుగో అంతస్తు, హాలు కిటికీ ఎదురుగా పెద్ద రావి చెట్టు. పళ్లు పండే రోజుల్లో పొద్దున్నే టుక్ టుక్ టుక్ అని సుత్తితో కొట్టినట్టు ఆగకుండా వినిపిస్తూనే ఉంటుంది, రెండేళ్లు విన్నా గానీ ఆ పిట్టని దగ్గరగా చూసింది మాత్రం ఆ రోజే, బాల్కనీ గచ్చు మీద. అరచేతిలో పట్టేంత ఉంది, నుదుటి మీద కుంకుమ పెట్టినట్టు ఎరుపు, గొంతు పసుపు, దాని కింద మళ్లీ ఓ ఎర్ర పట్టీ, కాళ్లు కూడా ఎరుపే, ముక్కు మొదట్లో పిల్లి మీసాల్లా గట్టి వెంట్రుకలు. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది, మెడ మాత్రం వాలిపోయింది.

కింద ఊడ్చే అక్కని అడిగా, ఇలా ఎప్పుడైనా చూశావా అని. "గివి మస్తు వడ్తయ్ మేడం, పొద్దుగాల్ల నేనొచ్చేసరికి మెట్ల అద్దం కాడ ఉంటయ్, పిల్లి ఎత్కపోకముందే తీసి చెట్ల మొదట్ల పెడ్త" అంది చాలా మామూలుగా. అంటే మనం లేచి కాఫీ తాగేలోపే పిల్లి, కాకి, చీపురు కలిసి అంతా శుభ్రం చేసేస్తున్నాయి, అందుకే మన బిల్డింగ్‌లో అలాంటిదేం లేదని అందరం అనుకుంటాం.

ఇదంతా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ లాంటి చోట్ల గాజు టవర్ల గొడవ, మన ఇంటికేంటి సంబంధం అని నేనూ అనుకున్నా. అమెరికాలో 2014లో వచ్చిన ఒక పెద్ద అంచనా చూశాక ఆ మాట అనలేకపోయా. అక్కడ ఏడాదికి 36.5 కోట్ల నుంచి 98.8 కోట్ల దాకా పిట్టలు బిల్డింగులకి గుద్దుకుని చనిపోతున్నాయి, అందులో ఆకాశహర్మ్యాల వాటా ఒక్క శాతం కూడా లేదు. మూడంతస్తుల లోపు ఇళ్ల దగ్గర 44 శాతం, నాలుగు నుంచి పదకొండు అంతస్తుల బిల్డింగుల దగ్గర 56 శాతం. పెద్ద టవర్ ఒక్కోటీ ఎక్కువే చంపుతుంది గానీ మామూలు ఇళ్లు, అపార్ట్‌మెంట్లు లెక్కకి మించి ఉన్నాయి కదా, మొత్తం కలిపితే అలా తేలుతుంది. మన కిటికీ ఏడాదికి రెండు మూడు పిట్టల్ని తీస్తే చిన్న విషయంలానే ఉంటుంది, కాలనీలో ఎన్ని కిటికీలున్నాయో ఒకసారి లెక్కేసుకోండి.

అసలు ఎందుకు గుద్దుకుంటాయంటే వాటికి గాజు అనేది ఒకటుందని తెలీదు, అంతే. మనకి చౌకట్టు, హ్యాండిలు, గోడ చూడగానే ఇది కిటికీ అని అర్థమవుతుంది, పిట్టకి అద్దంలో కనబడే రావి చెట్టు నిజం రావి చెట్టే, అద్దంలో ఆకాశం నిజం ఆకాశమే. రెండో రకం ఏంటంటే ఇవతల నుంచి అవతలకి కనబడిపోయే గాజు, ఇప్పుడు కొత్త ఫ్లాట్లన్నిటికీ పెడుతున్న బాల్కనీ గ్లాస్ రెయిలింగ్, రెండు వైపులా అద్దం ఉన్న మూల గది, ఇవన్నీ. వెనకాల మనం మురిపెంగా పెట్టుకున్న మొక్కలు కనబడతాయి, వాటి కోసం తిన్నగా వచ్చేస్తుంది. ఈ రెండిటిలో మీ అద్దం ఏ రకమో తెలుసుకోకుండా ఏదీ కొనకండి. పొద్దున ఏడెనిమిది గంటలప్పుడు బయటికెళ్లి, పిట్ట వచ్చే వైపు నుంచి మీ కిటికీని చూడండి. అందులో చెట్టో మబ్బో కనబడితే మొదటి రకం, మీ ఇంట్లో అవతలి కిటికీ కనబడితే రెండో రకం. చాలా ఇళ్లలో ప్రమాదం అంతా ఒకటి రెండు అద్దాల దగ్గరే ఉంటుంది, ఇల్లంతా చెయ్యాలని భయపడి మానెయ్యకండి.

ఇక ఏది కొన్నా రెండే రెండు కొలతలు. ఒకటి, గుర్తులు, అంటే చుక్కలో చారలో స్టిక్కర్లో ఏవైనా, అద్దానికి బయటి వైపు ఉండాలి, లోపల పెడితే బయటి ప్రతిబింబం వాటిని మింగేస్తుంది. రెండు, గుర్తుకీ గుర్తుకీ మధ్య ఖాళీ రెండు అంగుళాలు దాటకూడదు (నిలువు తాళ్లకి మాత్రం కొలత వేరు, అది కింద చెప్తా). పిట్టలు కొమ్మల మధ్య నుంచి దూరిపోవడం అలవాటైనవి, ఖాళీ పెద్దగా కనబడితే ఇందులోంచి పోవచ్చులే అనుకుంటాయి. ఒంటరి గద్ద స్టిక్కర్ ఎందుకు పనిచెయ్యదో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది, గద్ద అని భయపడటం కాదు, ఆ స్టిక్కర్‌ని తప్పించుకుని పక్కనుంచి వెళ్లబోయి అద్దానికి తగులుతుంది. అవే గద్ద బొమ్మలు రెండేసి అంగుళాలకి ఒకటి చొప్పున అద్దం నిండా అతికిస్తే పనిచేస్తాయి, కానీ అప్పుడు గద్దే ఎందుకు, చుక్క చాలు.

షికాగోలో సరస్సు ఒడ్డున మెకార్మిక్ ప్లేస్ అని పెద్ద కన్వెన్షన్ సెంటర్ ఉంది, ఆకాశాన్నంటే బిల్డింగేమీ కాదు, అడ్డంగా పొడుగ్గా ఉంటుంది, చుట్టూ గాజు. 2023 అక్టోబర్‌లో వలస పిట్టలు దిగొచ్చే ఒక్క రాత్రిలో దాదాపు వెయ్యి పిట్టలు దాని అద్దాలకి తగిలి చచ్చిపోయాయి. మరుసటి ఏడాది వాళ్లు చేసిందల్లా ఆ అద్దాలన్నిటి మీదా బయటి వైపు చిన్న చిన్న చుక్కలున్న ఫిల్మ్ వేయించడం, చావులు దాదాపు 95 శాతం తగ్గిపోయాయి.

ఆ చుక్కల సంగతే మొదట చెప్తా, ఎందుకంటే నేను చేసింది అదే. ఆయిల్ బేస్డ్ తెల్ల పెయింట్ మార్కర్ స్టేషనరీ షాపులో దొరుకుతుంది, వైట్‌బోర్డ్ మార్కర్ కాదు, అది మొదటి వానకే పోతుంది. మా స్లైడింగ్ అద్దం ట్రాక్ లోంచి పైకెత్తి లోపలికి దించి, నేల మీద దుప్పటి పరిచి పడుకోబెట్టాం. నేను స్కేలు పట్టుకుని కొలుచుకుంటూ ఒక్కో చుక్కా పెడుతుంటే, తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ కాసేపు చూసి "ఏమ్మా, ఇట్టా అయితే తెల్లారుద్ది, ఇటివ్వు" అని మార్కర్ లాక్కుని, ఎడమ చెయ్యి మూడు వేళ్లు ఆనించి పక్కన చుక్క, మళ్లీ మూడు వేళ్లు, మళ్లీ చుక్క, ఒక వరస అయ్యాక కింద వరస, పండగ ముగ్గుకి పెట్టినట్టే చకచకా పెట్టుకుంటూ పోయింది. తర్వాత స్కేలు పెట్టి చూస్తే దాదాపు అన్నీ రెండు అంగుళాల లోపే ఉన్నాయి. ఒకటే మాట చెప్పాల్సొచ్చింది, చుక్క బాగా లావుగా పెట్టమని, కనీసం ఆరు మిల్లీమీటర్లు, అంటే పెసరగింజ కాదు, శనగగింజంత ఉండాలి. రెండు అద్దాలకి గంటన్నర పట్టింది, మార్కర్ ఖర్చు తప్ప ఇంకేం లేదు. ఒక వానాకాలం గడిచింది, పడమటి ఎండ కొట్టే వైపు కొన్ని చుక్కలు పెచ్చులు లేచాయి, మళ్లీ దిద్దా. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు బ్లేడుతో గీకేస్తే వచ్చేస్తుంది కాబట్టి అద్దెకున్నవాళ్లకి నా మొదటి సలహా ఇదే. లోపల్నుంచి రెండు రోజులు కళ్లకి కొట్టొచ్చినట్టు కనబడతాయి, మూడో రోజు నుంచి చెట్టే కనబడుతుంది.

చెయ్యి తిన్నగా రాదు, నీటుగా ఉండాలి అనుకునేవాళ్లు బండి నంబర్ ప్లేట్లకి స్టిక్కరింగ్ చేసే రేడియం షాపుకి వెళ్లండి. తెల్ల మ్యాట్ వినైల్‌లో గుండ్రాలు కట్ చేసి ట్రాన్స్‌ఫర్ పేపర్ మీద వేసివ్వమంటే ఇస్తారు, ఒక్కో పేపర్‌నీ అద్దం మీద రుద్ది లాగేస్తే వంద చుక్కలు ఒకేసారి దిగుతాయి. బయటి వాడకానికి పనికొచ్చే వినైలే అడగండి. మార్కర్ కన్నా ఎక్కువ కాలం ఉంటుంది, ఖర్చు కొంచెం ఎక్కువ, సొంత ఇల్లయితే నేను ఇదే చేయించేదాన్ని.

ఇప్పుడు జనం ఎక్కువగా పొరబడే చోటు. షాపులో "వన్ వే" అని అడిగితే రెండు వేర్వేరు సరుకులు చూపిస్తారు. ఒకటి బయట అద్దంలా మెరిసే ఫిల్మ్, పగలు బయటివాళ్లకి లోపలేం కనబడదు, వేడి తగ్గుతుంది అని వేయిస్తారు, పిట్టల విషయంలో దీనంత చెడ్డది ఇంకోటి లేదు, మామూలు కిటికీని నిలువుటద్దం చేసేస్తుంది, రావి చెట్టు అంతకంతా స్పష్టంగా కనబడుతుంది అందులో. రెండోది వన్ వే విజన్, సిటీ బస్సుల కిటికీల మీద యాడ్స్ వేస్తారు చూడండి, సన్న సన్న చిల్లులున్న వినైల్, ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపుల్లో చదరపు అడుగు లెక్కన వేస్తారు. ఇది బయటి వైపు అతికిస్తే అద్దం మెరుపే పోతుంది, పిట్టకి అది గట్టి గోడలా కనబడుతుంది, లోపల్నుంచి మనకి బయట కనబడుతూనే ఉంటుంది కాస్త నీడగా. వేసవిలో ఎండ కూడా తగ్గుతుంది. పెద్ద అద్దాలకి, మెట్ల దగ్గర ఎత్తుగా ఉండే ఫిక్స్‌డ్ గ్లాసులకి, ఆఫీసు లాబీలకి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. పేరు ఒకటే లాగా ఉంటుంది గానీ ఒకటి చంపేది, ఒకటి కాపాడేది, ఆర్డర్ ఇచ్చే ముందు ముక్క చేత్తో పట్టుకుని వెలుతురుకి పెట్టి చూడండి, చిల్లులుంటేనే తీసుకోండి.

దోమల మెష్ గురించి మన ఇళ్లలో ఎవరూ ఇలా ఆలోచించరు గానీ, మెష్ అద్దానికి బయట ఉంటే ఒక్క దెబ్బకి రెండు పనులూ అయిపోతాయి. ప్రతిబింబం చచ్చిపోతుంది, ఒకవేళ తగిలినా జాలీకి తగిలి వెనక్కి పోతుంది. కొత్తగా యూపీవీసీ కిటికీలు చేయించుకునేవాళ్లు మూడు ట్రాకుల్లో మెష్ షట్టర్ బయటి ట్రాక్‌లో పెట్టమని ముందే చెప్పండి, చేసేవాళ్లకి అది పెద్ద పని కాదు, మనం అడక్కపోతే లోపల పెట్టేసి పోతారు. వెల్‌క్రోతో లోపల అతికించే నెట్ దోమలకి పనికొస్తుంది, పిట్టలకి పనికిరాదు.

పావురాల నెట్ సంగతి కూడా అంతే, హైదరాబాద్‌లో ప్రతి రెండో బాల్కనీకి ఉంటుంది. బిగుతుగా, అద్దానికి కొన్ని అంగుళాల ఎడంగా కట్టి ఉంటే అది పిట్టకి పరుపులా పనిచేస్తుంది. వదులుగా వేలాడుతుంటే మాత్రం కాళ్లు రెక్కలు చిక్కుకుని, విడిపించుకోలేక అక్కడే చచ్చిపోతాయి, గబ్బిలాలు కూడా. కాబట్టి ఇప్పటికే నెట్ ఉన్నవాళ్లు కొత్తగా ఏం కొనక్కర్లేదు, చుట్టూ హుక్కులు ఊడాయేమో చూసి బిగించండి, చిరిగిన చోట కుట్టండి. కంటికి కనబడని సన్న ప్లాస్టిక్ దారం నెట్ వద్దు, కాస్త మందంగా ఉండి మనకి కనబడే రకమే వేయించండి.

తాళ్ల తెర అని ఇంకోటుంది, కిటికీ పైన బయట ఒక కడ్డీ బిగించి, దాన్నుంచి మూడు మిల్లీమీటర్ల మందం నైలాన్ తాళ్లు నాలుగేసి అంగుళాలకి ఒకటి చొప్పున కిందకి వేలాడదియ్యడమే, కింద చివర కట్టక్కర్లేదు, గాలికి ఊగుతాయి. నిలువు తాళ్లకి నాలుగు అంగుళాల ఖాళీ సరిపోతుంది. సొంత ఇల్లు, ఒకటి రెండు అంతస్తులు ఉన్నవాళ్లకి చాలా బావుంటుంది, చూడ్డానికి కూడా అందంగా ఉంటుంది, చాలా ఏళ్లు ఆగుతుంది. మా లాంటి నాలుగో అంతస్తులో బయటికి వంగి కడ్డీ బిగించడం మాత్రం ప్రాణాల మీదకి తెచ్చుకునే పని, చెయ్యకండి. ఊళ్లో పాత ఇళ్లకి వేసవిలో కట్టే వట్టివేళ్ల తడికలు, వెదురు తడికలు కూడా అద్దానికి బయటే ఉంటాయి కదా, అవి దించి ఉన్నంతసేపూ ఏ పిట్టకీ ఏమీ కాదు.

అల్ట్రావయొలెట్ స్టిక్కర్లు, మనకి కనబడవు పిట్టలకి కనబడతాయి అని అమ్ముతారు. చాలా చిన్న పిట్టలకి ఆ వెలుగు కనబడే మాట నిజమే, కాకి, పావురం, గద్ద జాతికి మాత్రం అంత బాగా కనబడదు, పైగా ఎండకి ఆ గుణం తగ్గిపోతుంది, తగ్గిందో లేదో మన కంటికి తెలీదు. మన ఎండల్లో దీని మీద డబ్బు పెట్టమని నేను చెప్పను.

లోపలి కర్టెన్లు వెయ్యడం ఖర్చులేని పని కాబట్టి వెయ్యండి, అవతలకి కనబడిపోయే అద్దానికి కొంత మేలు, ప్రతిబింబానికి మాత్రం పెద్దగా ఏం చెయ్యదు. గ్లాస్ రెయిలింగ్ అయితే ఫ్రాస్టెడ్ ఫిల్మ్ చారలుగా కట్ చేసి బయటి వైపు వేయిస్తే సరి. రాత్రిళ్లు వెళ్లే వలస పిట్టలు లైట్లకి దారి తప్పి సిటీలోకి దిగుతాయి కాబట్టి సెప్టెంబర్ నుంచి నవంబర్, మళ్లీ మార్చి, ఏప్రిల్‌లో టెర్రస్ మీద అలంకారం లైట్లు, ఖాళీ ఫ్లోర్ల లైట్లు ఆపించండి.

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్ల చేతిలో అన్నిటికన్నా ఎక్కువ ఉంది. న్యూయార్క్‌లో 2021 నుంచి కొత్త బిల్డింగులకి 75 అడుగుల ఎత్తు దాకా బయటి గాజులో 90 శాతం పిట్టలకి కనబడే రకమే వాడాలని చట్టం ఉంది, ఎందుకు 75 అడుగులంటే చెట్లు, పిట్టల తిరుగుడు ఎక్కువగా ఆ ఎత్తులోనే కాబట్టి. మనకి అలాంటి రూల్ కోసం ఆగక్కర్లేదు, ఆర్కిటెక్ట్‌తో చుక్కలు అచ్చేసిన ఫ్రిట్ గ్లాసు, బయటి జాలీ, అడ్డ పలకలు, ఇవేవైనా ఒకటి మాట్లాడండి. కట్టాక అతికించడం కన్నా కట్టేటప్పుడే పెట్టించడం మేలు, ఏటా దిద్దే పని ఉండదు.

నన్నడిగితే ఇలా ఎంచుకోండి. అద్దె ఇల్లు, స్లైడింగ్ కిటికీ అయితే మార్కర్ చుక్కలు. సొంత ఫ్లాట్ అయితే వినైల్ చుక్కలు, కిటికీలు మార్చే ఆలోచన ఉంటే బయటి మెష్. నెట్ ఉన్నవాళ్లు బిగించుకోవడం. ఇండిపెండెంట్ ఇల్లయితే తాళ్లు. చేతికందని పెద్ద ఫిక్స్‌డ్ గ్లాసు అయితే తాడు కట్టుకుని దిగి అద్దాలు తుడిచేవాళ్లు ఉంటారు కదా, వాళ్లు వచ్చినప్పుడు వాళ్లతోనే చిల్లుల వినైల్ వేయించడం. అమెరికాలో ఇల్లున్న మనవాళ్లకి ఇంకా సులువు, చుక్కల టేపు రోల్స్ రెడీగా దొరుకుతాయి, వెనకాల యార్డు వైపు పేషియో డోర్‌తో మొదలుపెట్టండి.

నీళ్ల గిన్నెలు, గింజల డబ్బాలు, గుమ్మానికి కట్టే వరి కంకుల కుచ్చులు, వీటి చోటు కూడా ముఖ్యం. అద్దానికి మూడడుగుల లోపైనా ఉండాలి, ముప్పై అడుగుల అవతలైనా ఉండాలి. దగ్గరగా ఉంటే ఉలిక్కిపడి ఎగిరినా వేగం అందుకోదు కాబట్టి దెబ్బ తగలదు, పది పదిహేను అడుగుల దూరంలో ఉంటేనే ప్రాణాంతకం. ఎండాకాలం పాపం దాహం అని మనం పెట్టిన గిన్నె వాటిని చంపకూడదు కదా.

పిగిలిపిట్టో తేనెపిట్టో పిచ్చుకో రోజూ వచ్చి అద్దాన్ని టకటకా పొడుస్తుంటే అది వేరే సంగతి. గూడు కట్టే రోజుల్లో మగపిట్ట అద్దంలో తన బొమ్మని ఇంకో మగపిట్ట అనుకుని పోట్లాడుతుంది. చావదు గానీ అలిసిపోతుంది, ఆ అద్దానికి బయట కొన్ని వారాలు పేపర్ అతికించండి, కారు సైడ్ మిర్రర్లకి గుడ్డ సంచి తొడగండి.

ఇంత చేసినా ఒకటి తగిలి పడిందనుకోండి, నోట్లో నీళ్లు పొయ్యకండి. ఇది గట్టిగా చెప్తున్నా ఎందుకంటే మనందరి చెయ్యి మొదట నీళ్ల చెంబు మీదకే పోతుంది, స్పృహ సరిగా లేని పిట్టకి ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మెత్తటి గుడ్డతో మెల్లగా పట్టుకుని, చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో అడుగున గుడ్డ వేసి పెట్టి మూత వెయ్యండి, చీకటిగా, చప్పుడు లేని చోట, ఫ్యాన్‌కీ ఏసీకీ పిల్లలకీ దూరంగా. మాటిమాటికీ మూత తీసి చూడకండి, మనం చూస్తున్నామన్న భయమే దానికి ఇంకో దెబ్బ. ఒక గంట పోయాక చెట్ల దగ్గరికి తీసుకెళ్లి మూత తీస్తే తేరుకున్నది తనే ఎగిరిపోతుంది. ఎగరకపోయినా, రెక్క వేలాడుతున్నా, రక్తం కనబడినా హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ వాళ్లకో, ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్‌కో, పిట్టల్ని చూసే వెట్‌కో అప్పగించండి. ఇంట్లో పెంచుకుందాం అనుకోవద్దు, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం.

మా హాలు కిటికీకి చుక్కలు పెట్టి ఏడాది అవుతోంది, ఆ అద్దం కింద ఒక్కటీ పడలేదు. మెట్ల అద్దమే ఇంకా మిగిలింది, మూడంతస్తుల ఎత్తు, అసోసియేషన్ ఒప్పుకోవాలి, లోపల చీకటి అయిపోతుందేమో, ఎలివేషన్ పాడవుతుందేమో అని అడుగుతున్నారు. అందుకే ఫ్లెక్స్ షాపులో అడుగు ముక్క వన్ వే విజన్ తీసుకుని మొదటి ల్యాండింగ్ దగ్గర చెయ్యి బయటికి పెట్టి అందినంత వరకు అతికించా, వచ్చేపోయేవాళ్లు దాని పక్కన ఆగి లోపల్నుంచీ బయట్నుంచీ చూస్తున్నారు. ఆదివారం మీటింగ్. సెప్టెంబర్‌కి ఇంకా ఆరు వారాలుంది.